మందుల పేర్లు నిలవడం లేదు: ఫార్మసీ డిగ్రీ అంటే బట్టీ పట్టడమేనా?

రెండో_ఏడాది_రాత్రులు
ఫార్మసీ డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ వారం ఫార్మకాలజీలో రక్తపోటు మందులు మొదలయ్యాయి. ప్రిల్‌లు, సార్టాన్‌లు, ఓలాల్‌లు, డిపిన్‌లు అని పేర్ల చివరలను బట్టి పిలిచే తరగతులు. ఒక్కో మందుకు పని చేసే తీరు, మోతాదు, దుష్ఫలితాలు, ఏ మందుతో పడదు, ఎవరికి ఇవ్వకూడదు అని గడులు గీసి పెద్ద పట్టిక తయారు చేశాను. రాత్రి అంతా వచ్చినట్టే ఉంటుంది. తెల్లవారేసరికి దగ్గు ఏ మందుకు వస్తుందో, కాళ్ల వాపు ఏ మందుకు వస్తుందో కలగాపులగం. మా సీనియర్ ఒకాయన "ఇది జ్ఞాపకశక్తి చదువు, అది లేనివాళ్లు వేరే దారి చూసుకోవాలి" అని తేల్చేశారు. నిజమేనా?

ఇంకో బాధ కూడా ఉంది. యంత్రాలు గంటకు లక్షల మాత్రలు కొట్టే కాలంలో మా చేత కల్వంలో పొడి ఎందుకు నూరిస్తున్నారు? చేతులు నొప్పి పుట్టడం తప్ప ప్రయోజనం కనబడడం లేదు.

బ్యూరెట్_బాధితుడు
కల్వం దగ్గరే నీరసపడితే ఎలా? ముందు టైట్రేషన్లు (బ్యూరెట్‌తో చుక్కచుక్కగా ద్రావణం వేసి గాఢత కొలిచే ప్రయోగాలు) ఉన్నాయి. లేత గులాబి రంగు దగ్గర ఆపమంటారు. ఒక్క చుక్క ఎక్కువైతే పెళ్లిపందిరి రంగు వస్తుంది, మళ్లీ మొదటినుంచి.

వార్డు_గంట
ఆ సీనియర్ మాట సగమే నిజం. నేను ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుని. మీ పట్టికలో తప్పు లేదు, కానీ అది చదువు పూర్తయ్యాక గీసుకోవలసినది. మీరు దానితోనే మొదలుపెట్టారు.

రక్తపోటు మందులకు ముందు ఒక గొలుసు గీయండి. కాలేయం నుంచి యాంజియోటెన్సినోజెన్ అనే ప్రోటీన్. మూత్రపిండం వదిలే రెనిన్ దాన్ని యాంజియోటెన్సిన్ 1గా కోస్తుంది. ఏసీఈ అనే ఎంజైము దాన్ని యాంజియోటెన్సిన్ 2 చేస్తుంది. అది కణాల మీద ఉండే ఏటీ1 గ్రాహకం మీద కూర్చుని రక్తనాళాలను బిగిస్తుంది, ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది. ఇప్పుడు ఒక్కో మందును అది అడ్డుపడే చోట రాయండి. అలిస్కిరెన్ రెనిన్ దగ్గర, ప్రిల్‌లు ఏసీఈ దగ్గర, సార్టాన్‌లు గ్రాహకం దగ్గర, స్పైరనోలాక్టోన్ ఆల్డోస్టిరోన్ దగ్గర. నాలుగు తరగతులు ఒక్క గీత మీదకు వచ్చేశాయి.

దుష్ఫలితాలు కూడా ఆ గీత మీదే దొరుకుతాయి. ఆల్డోస్టిరోన్ పని పొటాషియాన్ని బయటికి పంపడం. దాన్ని తగ్గిస్తే పొటాషియం పెరుగుతుంది. కాబట్టి ఈ నాలుగింటికీ "పొటాషియం చూసుకోవాలి" అని విడివిడిగా రాసుకోనక్కర్లేదు. ఏసీఈ చేసే మరో పని బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టడం. ఎంజైమును ఆపితే బ్రాడీకైనిన్ పోగుపడి పొడిదగ్గు వస్తుంది. సార్టాన్‌లు ఆ ఎంజైము జోలికి పోవు కాబట్టి దగ్గు బాధ చాలా అరుదు. దగ్గు భరించలేని రోగికి డాక్టరు ప్రిల్ ఆపి సార్టాన్ రాయడం వెనక ఉన్నది ఇదే. ఇక కాళ్ల వాపు డిపిన్‌లది. వాటికి ఈ గొలుసుతో సంబంధమే లేదు, వేరే కాగితం మీద గీయండి.

మూడోబెంచి
చెప్పడానికి బాగుంది. పరీక్షలో మాత్రం "ఎనలాప్రిల్ మోతాదు ఎంత" అని అడుగుతారు. గొలుసు గీస్తే మోతాదు రాదు కదా? నాకు మార్కులు వచ్చినవన్నీ బట్టీ పట్టినవే.

వార్డు_గంట
మూడోబెంచి గారూ, మోతాదులు బట్టీయే, కాదనను. కానీ గుర్తుపెట్టుకోవలసినవి, ఆలోచించి రాబట్టగలిగినవి అని రెండు కుప్పలు చేస్తే మొదటి కుప్ప మీరనుకున్నంత పెద్దది కాదు. అంతా మొదటి కుప్పలో వేసుకునేవాళ్లే మునిగిపోతారు.

నీలిసిరా
పేర్ల చివరలు పట్టుకోమని అందరూ చెబుతారు. మంచిదే, కానీ కొంచెం చూసుకుని. "ప్రజోల్" అని కనబడగానే కడుపులో ఆమ్లం తగ్గించే మందు అనుకుంటే అరిపిప్రజోల్ దగ్గర బోల్తా పడతారు. అది మానసిక వ్యాధుల మందు. ఓలాల్‌లంటే బీటా బ్లాకర్లు, స్టానోజొలాల్ చివరా ఓలాల్ ఉంది, కానీ అది బీటా బ్లాకర్ కాదు, కండలు పెంచే స్టీరాయిడ్. హైడ్రాక్సిజీన్, హైడ్రాలజీన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మొదటిది అలర్జీకి, రెండోది రక్తపోటుకు. అల్మరాలో పక్కపక్కన పెట్టకూడని జంట.

కల్వంలో_కాలం
కల్వం గురించి నేను చెబుతాను, ఫార్ములేషన్ విభాగంలో చాలాకాలంగా ఉన్నాను.

ఒక సెంటీమీటరు భుజం ఉన్న ఘనం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే మిల్లీమీటరు ముక్కలు చేస్తే మొత్తం ఉపరితలం 60. నోయెస్, విట్నీ 1897లో చెప్పిన సూత్రం ప్రకారం కరిగే వేగం ఉపరితలాన్ని బట్టి ఉంటుంది. నీళ్లలో సరిగా కరగని మందుకు ఇది ప్రాణం లాంటిది. గ్రిసియోఫుల్విన్ అనే శిలీంధ్రాల మందును బాగా సన్నగా పొడి చేశాక అదే ఫలితం కోసం ఇవ్వవలసిన మోతాదు దాదాపు సగానికి తగ్గింది. మీ మోచేతి నొప్పి వెనక ఉన్న సూత్రం అది.

రెండో సంగతి కలపడం. ఒక మిల్లీగ్రాము మందు వంద మిల్లీగ్రాముల మాత్రలో ఉండాలి, ప్రతి మాత్రలోనూ అంతే ఉండాలి. మొత్తం పొడి ఒకేసారి పోసి తిప్పితే కుదరదు. మందుకు సమానంగా లాక్టోజు వేసి కలిపి, ఆ వచ్చినదానికి సమానంగా మళ్లీ లాక్టోజు వేస్తూ రెట్టింపు చేసుకుంటూ పోవాలి. యంత్రమూ ఈ సూత్రాన్ని దాటలేదు. ఎక్కడ తేడా వచ్చిందో యంత్రం ముందు నిలబడి కనిపెట్టవలసింది మాత్రం మనిషే.

బ్యూరెట్_బాధితుడు
అంటే మోచేతికి ఉపరితల సూత్రం చెప్పి ఊరుకోబెట్టవచ్చన్నమాట.

కల్వంలో_కాలం
చెప్పి చూడండి. అన్నట్టు, తడి గ్రాన్యులేషన్ (పొడిని తడిపి రేణువులుగా చేయడం) ప్రయోగం వచ్చినప్పుడు పుస్తకం పక్కన పెట్టి చేత్తో నేర్చుకోండి. గంజి కలిపిన ముద్దను గుప్పిట్లో పట్టి పిసికితే ముద్ద కట్టాలి, వేలితో నొక్కితే చూర్ణం కాకుండా పెళుసుగా విరగాలి. తడి ఎక్కువైతే జల్లెడకు అంటుకుని పురుగుల్లా దిగుతుంది. తక్కువైతే ఎండాక నుసి ఎక్కువగా వస్తుంది. నుసి ఎక్కువైన గ్రాన్యూల్స్‌ను మాత్ర కొడితే లోపల చిక్కిన గాలి బయటికి వచ్చేటప్పుడు పైపొర టోపీలా ఊడిపోతుంది. దాన్నే క్యాపింగ్ అంటాం. పొడి యంత్రానికి అంటుకోకుండా వేసే మెగ్నీషియం స్టియరేటును చివర వేసి కాసేపే తిప్పాలి. ఎక్కువసేపు తిప్పితే కణాల చుట్టూ నీటిని దరిచేరనివ్వని పూత ఏర్పడి మాత్ర మెత్తబడుతుంది, కరగడమూ ఆలస్యమవుతుంది. మాత్రలు ఎంత రాలుతాయో చూసే ఫ్రయబిలిటీ డ్రమ్ములో నిమిషానికి 25 చుట్ల చొప్పున నాలుగు నిమిషాలు తిప్పినప్పుడు బరువులో ఒక శాతం మించి రాలకూడదు. ఆ ఒక శాతం దాటితే వెనక్కి వెళ్లి ముద్ద దగ్గర ఏం జరిగిందో చూసుకోవాలి.

మూడోబెంచి
ఇది మాత్రం ఏ పుస్తకంలోనూ ఇంత బాగా చదవలేదు. "పిసికితే ముద్ద కట్టాలి" అని రాస్తే పరీక్షలో మార్కు వేస్తారా?

కల్వంలో_కాలం
నేను పేపర్లు దిద్దితే వేస్తాను.

రెండో_ఏడాది_రాత్రులు
గొలుసు గీసి చూశాను. దగ్గు, పొటాషియం రెండూ వాటంతట అవే వచ్చాయి. ధన్యవాదాలు. ఇంకో అనుమానం. ఫిజికల్ ఫార్మసీలో హెండర్సన్ హాసెల్‌బాక్ సమీకరణం (పీహెచ్‌ను బట్టి మందు ఎంత అయానవుతుందో చెప్పేది) నాకు లెక్కగా వస్తుంది కానీ దేనికో అర్థం కాదు. ఆస్పిరిన్ ఆమ్లం కాబట్టి కడుపులోనే ఎక్కువగా రక్తంలోకి పోతుందని మా బృందంలో ఒకరు, కాదని ఇంకొకరు.

లాగ్_టేబుల్
లెక్క చూద్దాం. ఆస్పిరిన్ పీకేఏ (సగం అణువులు అయాన్లుగా ఉండే పీహెచ్) సుమారు 3.5. కడుపు పీహెచ్ 1.5 అనుకుంటే తేడా 2. అంటే అయాను కాని అణువులు, అయానైన అణువులు 100కు 1 నిష్పత్తిలో ఉంటాయి. అయాను కానివే కొవ్వు పొరను దాటగలవు. కాబట్టి కడుపులోనే పీల్చుకుంటుంది. మొదటి స్నేహితుడిదే గెలుపు.

వార్డు_గంట
లెక్క సరైనదే, తీర్పు సరికాదు. ఈ ప్రశ్న అడిగేదే అందుకు. చిన్నపేగులో పీహెచ్ ఎక్కువ, అయాను కాని వాటా బాగా తగ్గుతుంది, నిజమే. కానీ ముడతలు, విల్లైలు అనే వేళ్లలాంటి బొడిపెలు, వాటి మీద ఇంకా సన్నని మైక్రోవిల్లైలు కలిసి అక్కడి ఉపరితలం కడుపుతో పోల్చడానికి వీల్లేనంత పెద్దది. అయాను కాని కొద్దిపాటి అణువులు దాటగానే మిగిలినవాటిలోంచి మళ్లీ కొన్ని అయాను కానివిగా మారుతుంటాయి. అందుకే ఆస్పిరిన్ సహా చాలా మందులు ఎక్కువగా పేగులోనే రక్తంలో కలుస్తాయి.

కల్వంలో_కాలం
ఉపరితలం మళ్లీ వచ్చింది చూశారా. కల్వంలో చెప్పినదే పేగులోనూ.

లాగ్_టేబుల్
ఒప్పుకుంటాను. ఆ సమీకరణం మూత్రం దగ్గర మాత్రం పూర్తి గౌరవం దక్కించుకుంటుంది. ఆస్పిరిన్ అతిగా మింగినవాళ్లకు సోడియం బైకార్బొనేట్ ఇచ్చి మూత్రాన్ని క్షారం వైపు తిప్పుతారు. ఒంట్లో ఆస్పిరిన్ శాలిసిలిక్ ఆమ్లంగా మారుతుంది, దాని పీకేఏ 3 దగ్గర. మూత్రం పీహెచ్ 7.5 అయితే దాదాపు అంతా అయాన్లే. అయాను వెనక్కి రక్తంలోకి పోలేదు, మూత్రంలోనే చిక్కుకుని బయటికి పోతుంది. లెక్కతో ప్రాణం నిలబెట్టడం అంటే ఇదే.

ఎండుటాకు
అందరూ ఫార్మకాలజీ, లెక్కలు అంటారు, మొక్కల మందులను చదివే ఫార్మకాగ్నసీని పట్టించుకునేవాళ్లు లేరు. సూక్ష్మదర్శినిలో ఆకుపొడి చూడడం దండుగ అనుకునేవాళ్ల కోసం ఒక మాట. నేలతంగేడు ఆకుపొడిలో పత్రరంధ్రం పక్కన దానికి సమాంతరంగా రెండు కణాలు కనబడతాయి. మొటిమల్లాంటి బొడిపెలున్న ఏకకణ రోమాలు ఉంటాయి. ఫ్లోరోగ్లూసినాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే లిగ్నిన్ (కాడలను గట్టిపరిచే పదార్థం) ఉన్నచోట ఎర్రబడుతుంది. ఎర్రదనం అనుకున్నదానికంటే ఎక్కువగా ఉంటే కాడలు కలిపారేమోనని అనుమానించాలి. కల్తీ పట్టుకోవడం ఇలాగే మొదలవుతుంది.

వాకిట్లో పూసే బిళ్లగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ వచ్చాయి. క్యాన్సర్ మందులు. విలియం విథరింగ్ 1785లో డిజిటాలిస్ ఆకు మీద పుస్తకం రాశాడు, ఆ మొక్కల కుటుంబానిదే గుండె మందు డిగాక్సిన్. మీ పట్టికలో చాలా పేర్లకు ఒక మొక్క ఉంది, అది తెలిస్తే పేరు మరిచిపోవడం కష్టం.

మూడోబెంచి
ఆ విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ నాకు ఈనాటికీ ఒకటే. ఏది దేనికో?

వార్డు_గంట
ఒకటే అనుకుంటే ప్రమాదం. విన్‌క్రిస్టిన్ నరాలను దెబ్బతీస్తుంది, విన్‌బ్లాస్టిన్ ఎముక మూలుగను ఎక్కువగా అణచివేస్తుంది. విన్‌క్రిస్టిన్‌ను సిరలోకే ఇవ్వాలి, వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణాంతకం. ఆ హెచ్చరిక మందు మీదే ముద్రిస్తారు. పైన చెప్పిన మొదటి కుప్పలో, నిద్రలో లేపి అడిగినా చెప్పవలసినవాటిలో ఇది ఒకటి.

ఇంకోటి మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి వారానికి ఒకసారి. చీటీలో "రోజుకు ఒకటి" అని కనబడితే పెన్ను కింద పెట్టి డాక్టరుకు ఫోను చేయాలి. రోజూ వేసుకుని ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. ఫార్మసిస్టు ఒక్క ప్రశ్న అడిగితే ఆగిపోయే మరణాలు అవి.

నీలిసిరా
మెథోట్రెక్సేట్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. దాని నిర్మాణాన్ని ఫోలిక్ ఆమ్లం పక్కన గీసి చూడండి. తేడా రెండు చోట్లే. ఒకచోట ఆక్సిజన్ స్థానంలో అమైనో గుంపు, ఇంకోచోట నత్రజని మీద అదనంగా ఒక మిథైల్. ఎంజైము మోసపోవడానికి అది చాలు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లెడర్లీ మందుల కంపెనీలో ఫోలిక్ ఆమ్లం మీద పని చేస్తూ దానికి ఎదురుగా పనిచేసే అణువులను తయారు చేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను డాక్టర్ సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌లో వాడి 1948లో ఫలితాలు ప్రకటించారు. మెడిసినల్ కెమిస్ట్రీ విసుగ్గా అనిపించినప్పుడల్లా ఈ రెండు బొమ్మలు పక్కపక్కన గీస్తాను.

తలుపు_తట్టినవాడు
మధ్యలో వస్తున్నాను. ఇంత చదివి చివరికి మందుల దుకాణంలో కూర్చోవడమే కదా? ఇంట్లో అందరూ అదే అంటున్నారు.

ఎండుటాకు
దుకాణంలో కూర్చోవడం తక్కువ పనని ఎవరన్నారు? పైన మెథోట్రెక్సేట్ సంగతి చదివారా?

కల్వంలో_కాలం
ఎండుటాకు గారితో ఏకీభవిస్తాను. అదొక్కటే దారి అనుకోవడమూ సరికాదు. నాణ్యత పరీక్షలు, ఫార్ములేషన్, అనుమతుల పత్రాలు, మార్కెట్లోకి వెళ్లిన మందు దుష్ఫలితాలను గమనించే విభాగం, ఆసుపత్రి, బోధన. 1937లో సల్ఫనిలమైడ్‌ను డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి ద్రవంగా అమ్మితే అమెరికాలో వందమందికి పైగా చనిపోయారు. రుచి చూశారు, వాసన చూశారు, ఆ ద్రావణి విషమా కాదా అని మాత్రం చూడలేదు. ఆ మరుసటి సంవత్సరమే, అమ్మకముందు భద్రత నిరూపించాలని అక్కడ చట్టం వచ్చింది. మీరు విసుక్కుంటూ చేసే ప్రతి పరీక్ష వెనక ఇలాంటి చరిత్ర ఉంటుంది.

తలుపు_తట్టినవాడు
ఇది ఇంట్లో చెప్పి చూస్తాను. వింటారనే నమ్మకం లేదు.

రెండో_ఏడాది_రాత్రులు
నేను మళ్లీ చదువు దగ్గరికి వస్తాను. గొలుసు పద్ధతి బీటా బ్లాకర్ల దగ్గర పనిచేయడం లేదు. అన్నీ ఒకే చోట అడ్డుపడుతున్నాయి, అయినా ఒక్కోదానికి ఒక్కో జాగ్రత్త రాశారు.

వార్డు_గంట
అక్కడ గ్రాహకం కాదు, అణువు స్వభావం చూడాలి. ప్రొప్రనొలాల్ కొవ్వులో కలిసే మందు. కాబట్టి మెదడులోకి వెళుతుంది, పీడకలలు వస్తాయి. నోటితో మింగిన దానిలో ఎక్కువ భాగాన్ని కాలేయం మొదటి చుట్టులోనే మార్చేస్తుంది, అందుకే మాత్రకూ ఇంజెక్షనుకూ మోతాదులో అంత తేడా. అటెనొలాల్ నీటిలో కలిసే మందు. మెదడులోకి పెద్దగా పోదు, మూత్రపిండాల గుండా బయటికి పోతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్న రోగికి దేని మోతాదు తగ్గిస్తారో ఇప్పుడు మీరే చెప్పగలరు. ప్రొప్రనొలాల్ శ్వాసనాళాల్లోని బీటా 2 గ్రాహకాన్ని కూడా ఆపుతుంది, అవి బిగుస్తాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు.

రెండో_ఏడాది_రాత్రులు
అటెనొలాల్ మోతాదు తగ్గిస్తారు.

మూడోబెంచి
నేనూ అదే రాసేవాడిని, కారణం లేకుండా.

లాగ్_టేబుల్
హాఫ్‌లైఫ్ (ఒంట్లో మందు సగానికి తగ్గే సమయం) కూడా ఇలాగే నేర్చుకోండి. మోతాదులు క్రమంగా ఇస్తుంటే నాలుగైదు హాఫ్‌లైఫ్‌లలో మందు స్థాయి నిలకడకు వస్తుంది. ఐదింటికి 97 శాతం. ఆరు గంటల హాఫ్‌లైఫ్ అయితే 30 గంటలు. మూర్ఛ మందు ఫెనిటాయిన్‌కు మాత్రం ఈ లెక్క నమ్మవద్దు. కాలేయంలో ఎంజైము నిండిపోయాక, 300 మిల్లీగ్రాముల నుంచి 400కు పెంచితే రక్తంలో స్థాయి రెట్టింపు దాటిపోవచ్చు.

బ్యూరెట్_బాధితుడు
గాఢతల లెక్కల గురించి ఎవరూ మాట్లాడరేం? ఎడ్రినలిన్ 1:1000 అంటే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము. 1:10,000 అంటే 0.1 మిల్లీగ్రాము. ఒక్క సున్నా తేడాకు పదిరెట్లు. టైట్రేషన్ మీద ఎన్ని విసుర్లు విసిరినా, ఈ ఒక్కటి మాత్రం ప్రతివారం కాగితం మీద వేసుకుని చూసుకుంటాను.

లాగ్_టేబుల్
అయితే రాత్రుల గారికి ఒక లెక్క. 90 శాతం ఆల్కహాలు, 40 శాతం ఆల్కహాలు ఉన్నాయి. 60 శాతం ఆల్కహాలు 500 మిల్లీలీటర్లు కావాలి. ఎంతెంత?

రెండో_ఏడాది_రాత్రులు
ఆలిగేషన్ (రెండు గాఢతలను ఏ పాళ్లలో కలపాలో చెప్పే లెక్క) వేశాను. 60లోంచి 40 తీస్తే 20, అది 90 శాతం దాని పాళ్లు. 90లోంచి 60 తీస్తే 30, అది 40 శాతం దాని పాళ్లు. 2:3. కాబట్టి 200 మిల్లీలీటర్లు, 300 మిల్లీలీటర్లు.

లాగ్_టేబుల్
సరైన సమాధానం.

కల్వంలో_కాలం
కాగితం మీద సరైనదే. కొలపాత్రలో పోసి చూడండి, 500 గీత దాకా రాదు. ఆల్కహాలు, నీళ్లు కలిస్తే మొత్తం ఘనపరిమాణం తగ్గుతుంది.

లాగ్_టేబుల్
ఆ కుదింపు రెండో ఏడాదిలో అడగరు సార్.

కల్వంలో_కాలం
పరీక్షలో అడగరు. ప్రయోగశాలలో మాత్రం తగ్గినంత మేర నీళ్లు పోసి గీత దగ్గర సరిచేయాలి, అప్పుడే గాఢత సరిగ్గా 60 అవుతుంది, పోయకముందు 60 కంటే ఎక్కువే ఉంటుంది. ఎంత ఎక్కువ ఉంటుందో మీరే లెక్క వేసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.